మొదటి సఫారీకి ఆగస్టు వద్దు

ఆఫ్రికా అడవి చూడాలని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, వెళ్లొచ్చినవాళ్లూ టూర్ ఏజెంట్లూ ఒకే పాఠం అప్పజెబుతారు. వెళ్తే కెన్యా వెళ్లాలి. కెన్యాలో మసాయి మారాకే వెళ్లాలి. అదీ ఆగస్టులోనే వెళ్లాలి, వైల్డ్‌బీస్ట్‌లనే పెద్ద జింకలు లక్షల్లో వలస పోతూ మొసళ్లున్న మారా నదిని దాటేది అప్పుడే కాబట్టి. దానితోపాటు సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న కలిసిన ‘బిగ్ ఫైవ్’ పూర్తి చేయాలి. అంత దూరం ఎలాగూ వెళ్తున్నాం కనుక నకురు, నైవాషా, అంబోసెలి కూడా అదే వారంలో చుట్టేయాలి. ఇవి కుదరకపోతే పెట్టిన డబ్బు దండగ.

ఈ అభిప్రాయాన్ని ఒక్కమాటతో తీసిపారేయడం న్యాయం కాదు. నది దాటే దృశ్యం నిజంగానే ప్రపంచంలోని గొప్ప ప్రకృతి ఘటనల్లో ఒకటి. వానలు లేని ఆ నెలల్లో దారులు గట్టిపడి ఉంటాయి, మేసిన గడ్డి పొట్టిగా ఉండి జంతువులు స్పష్టంగా కనిపిస్తాయి. కుటుంబానికి లక్షల్లో ఖర్చు. ఆఫీసులో సెలవు దొరకడమే కష్టం. మళ్లీ వెళ్తామో లేదో తెలియదు. అలాంటప్పుడు ఉన్నవాటిలో మేలైనదే చూడాలనుకోవడం సహజం.

ఇంతవరకూ ఒప్పుకుందాం. కానీ ఇక్కణ్ణుంచి ఆ వాదన వేసే అడుగులన్నీ తప్పుతున్నాయి. అది వలసను తప్పుగా వర్ణిస్తోంది, ఖర్చును పెంచుతోంది, ఉన్న నాలుగు రోజుల్ని రోడ్ల మీద తగలేస్తోంది. చివరికి ఏ జంతువుల కోసం వెళ్తున్నామో వాటికే కీడు చేస్తోంది. వరసగా చూద్దాం.

1. వలస ఆగస్టులో మొదలై ఆగస్టులో ముగిసేది కాదు

సెరెంగెటి, మారా ఒకే పచ్చిక మైదానం. మధ్యలో ఉన్న దేశ సరిహద్దు జంతువులకు లేదు. టాంజానియా వైపున్న సెరెంగెటి జాతీయ పార్కు విస్తీర్ణం 14,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. కెన్యా వైపున్న మసాయి మారా రిజర్వు 1,510 చదరపు కిలోమీటర్లు. అంటే పదో వంతు. మందలు వాన వెంట, వాన మొలిపించిన గడ్డి వెంట ఈ నేలంతా ఏడాది పొడవునా చుట్టివస్తుంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణాన ఎన్‌డుటు చుట్టూ ఉన్న పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పడమటికీ ఉత్తరానికీ కదులుతాయి. జూన్ ప్రాంతంలో గ్రుమెటి నదిని దాటుతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తర సెరెంగెటిలోనూ మారాలోనూ మేస్తాయి. నవంబరులో చిన్న వానలు పడగానే దక్షిణానికి తిరుగుముఖం పడతాయి.

దీన్నిబట్టి తేలేది ఒకటే. మందలు లేని నెల అంటూ లేదు, మందలు లేని చోటు ఉంటుంది. ఆ మందలు ఏడాదిలో ఎక్కువ కాలం గడిపేది కెన్యాలో కాదు, టాంజానియాలో. మారా నది కూడా ఉత్తర సెరెంగెటి గుండానే టాంజానియాలోకి ప్రవహిస్తుంది. అందువల్ల నది దాటడం చూడాలన్నా కెన్యా ఒక్కటే దారి కాదు. ‘వలస అంటే ఆగస్టు, మసాయి మారా’ అనే సమీకరణం భూగోళం దగ్గరే చెదిరిపోయింది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఆ జాతి బతుకును నిలబెట్టే ఘట్టం ఫిబ్రవరిలో, దక్షిణాన జరుగుతుంది. ఏడాదిలో పుట్టే దూడల్లో దాదాపు 80 శాతం రెండు మూడు వారాల వ్యవధిలో అక్కడే నేలమీద పడతాయి. పాతకాలపు అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న ఆ నేలలో కాల్షియం, ఫాస్ఫరస్ పుష్కలం. పాలిచ్చే తల్లులకు కావలసిన గడ్డి అక్కడే దొరుకుతుంది. దూడ పుట్టిన కొద్ది నిమిషాల్లోనే లేచి తల్లి వెంట పరుగెత్తాలి. సింహాలు, చీతాలు, హైనాలు చుట్టూ కాచుకుని ఉంటాయి. అన్ని దూడలు ఒక్కసారే పుట్టడం వల్ల వేటాడే జంతువులు తినగలిగినన్ని తిన్నా చాలావరకు బతికి బయటపడతాయి. అడవిలో బతుకు ఎలా సాగుతుందో ఇంతకంటే బాగా చూపించే సన్నివేశం మరొకటి ఉందా? అయినా ఎక్కువ ప్యాకేజీల్లో దీని ప్రస్తావనే ఉండదు. నది దాటడమే వలస అనుకోవడం తలంబ్రాల నిమిషాన్నే పెళ్లనుకోవడం లాంటిది.

2. ఇవ్వలేని హామీని అమ్ముతున్నారు

నది ఎప్పుడు దాటాలో మంద నిర్ణయించుకుంటుంది. ఎప్పుడు నిర్ణయించుకుంటుందో ఆ నేల మీద పుట్టి పెరిగిన మసాయి గైడు కూడా చెప్పలేడు. వేల జంతువులు ఒడ్డుకు వచ్చి గంటల తరబడి నిలబడతాయి. మొసలి కదిలినా, అవతలి గట్టు మీద సింహం వాసన తగిలినా, ఒక వాహనం తప్పుడు చోట ఆగినా వెనక్కి మళ్లిపోతాయి. ఒక్కరోజే మూడు చోట్ల దాటిన సందర్భాలున్నాయి, వారం దాటినా ఒక్కటీ దాటని సందర్భాలూ ఉన్నాయి. దక్షిణాన అకాలంగా వాన పడితే దాటిన మందే మళ్లీ వెనక్కి దాటుతుంది. ఎటు ఎప్పుడు పోవాలో చెప్పేది వాన. వానకు మన టికెట్ల తేదీలతో పనిలేదు.

ఇప్పుడు ప్యాకేజీ చూడండి. మారాలో రెండు రాత్రులు, మధ్యలో ఒకే ఒక్క నిండు పగలు. ఆ ఒక్క పగటి మీద మొత్తం ఆశలన్నీ పెట్టుకుంటే జరిగేదేమిటి? తెల్లవారగానే నది ఒడ్డుకు చేరి, ఇంజన్ ఆపి, ఎండలో మధ్యాహ్నం దాకా, కొన్నిసార్లు సాయంత్రం దాకా కూర్చుంటారు. ఆ సమయంలో మారాలోని మిగతా ప్రపంచం వాళ్లకు అందకుండా పోతుంది. ఏడాదంతా అక్కడే కాపురముండే సింహాల గుంపులు, ఏనుగులు, జిరాఫీలు, టోపీ జింకలు, హైనాల కుటుంబాలు ఆ నది గట్టు మీదే కూర్చున్నవారికి అంతగా కనిపించవు. మంద దాటకపోతే మిగిలేది నిరాశ. ఆ నిరాశ అడవి వల్ల వచ్చింది కాదు, ముందే నూరిపోసిన ఆశ వల్ల వచ్చింది.

దాటినా ఆ దృశ్యానికి అర్థం చెప్పేవారు తక్కువ. 2001 నుంచి 2015 వరకు మారా నదిని పరిశీలించిన శాస్త్రవేత్తలు సగటున ఏటా 6,250 వైల్డ్‌బీస్ట్‌లు మూకుమ్మడిగా మునిగి చనిపోతున్నాయని 2017లో వెల్లడించారు. మొసళ్లు తినేది అందులో చిన్న భాగం. మిగిలింది రాబందులకు, మరబు కొంగలకు, చేపలకు ఆహారం. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి ఫాస్ఫరస్ అందిస్తాయి. అంటే నది కథ మంద దాటిపోయాకే మొదలవుతుంది. వీడియో తీసుకుని తరవాతి చోటుకు పరుగెత్తేవాడికి ఆ కథ తెలిసే వీలే లేదు.

3. రెట్టింపు ధరకు రెట్టింపు అనుభవం రాదు

2024 నుంచి మసాయి మారా రిజర్వులో విదేశీ పెద్దవారి ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. టికెట్టు చెల్లేది ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, పన్నెండు గంటలే. భార్యాభర్తలు మూడు రోజులు తిరిగితే జూన్‌లో 600 డాలర్లు, ఆగస్టులో 1,200 డాలర్లు. ఇది గేటు దగ్గర కట్టేది మాత్రమే. బస అద్దెలు, వాహనాల అద్దెలు, నైరోబీ నుంచి ఎగిరే చిన్న విమానాల సీట్లు కూడా ఆ నెలల్లో పైస్థాయిలోనే ఉంటాయి.

ఎక్కువ ధర పెట్టడాన్ని నేను తప్పుపట్టడం లేదు. రద్దీని తగ్గించడానికి ధర ఒక సాధనం. నా ప్రశ్న కొనేవారికి. ఆ అదనపు డబ్బు మీకేం తెచ్చిపెడుతోంది? అదే సింహం, అదే గడ్డి, అదే గైడు. అదనంగా వచ్చేవి రెండు: నది దాటే దృశ్యం దొరికే అవకాశం, దాని చుట్టూ డజన్లకొద్దీ వాహనాలు. ఆ 600 డాలర్ల తేడాతో రద్దీలేని నెలలో మరో రెండు మూడు రోజులు అడవిలో ఉండవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఆ అదనపు రోజులే.

‘జీవితంలో ఒక్కసారి’ అనే మాట కూడా ఈ లెక్కను చెడగొడుతోంది. ముంబయి నుంచి నైరోబీకి విమాన ప్రయాణం దాదాపు ఆరు గంటలు. లండన్ కంటే చాలా దగ్గర. అమెరికాలో పిల్లల్ని చూడటానికి రెండు మూడేళ్లకోసారి వెళ్లి వచ్చే కుటుంబాలకు తూర్పు ఆఫ్రికా అందని లోకం కాదు. ఒక్కసారే అనుకున్నవాడు అన్నీ ఒకే వారంలో కుక్కుతాడు. మళ్లీ రావచ్చనుకున్నవాడు మొదటిసారి ఒక్క చోటు సరిగ్గా చూస్తాడు. రెండోవాడికే తక్కువ ఖర్చవుతుంది, ఎక్కువ మిగులుతుంది.

4. వేటగాళ్ల పట్టికతో అడవిని కొలవకండి

‘బిగ్ ఫైవ్’ పట్టికను తయారుచేసింది వన్యప్రాణి శాస్త్రం కాదు. తుపాకీ పట్టుకుని కాలినడకన వేటాడేటప్పుడు ఏ జంతువులు ఎక్కువ ప్రమాదకరమో వాటిని వలస పాలన కాలపు వేటగాళ్లు ఏరి చేర్చారు. కెన్యాలో వేట పోయింది, పట్టిక మిగిలింది. దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఏం బయటికి పోతుందో చూడండి. జిరాఫీకి చోటు లేదు. నీటిగుర్రానికి లేదు. చీతాకు లేదు. హైనాకు లేదు. మాటల్లో పెట్టలేనంత గాఢమైన కుటుంబ బంధాలున్న ఆఫ్రికా అడవి కుక్కలకు లేదు. ఉత్తర కెన్యాలోని సాంబురులో సులువుగా కనిపించే గ్రెవీ జీబ్రా, వలల గీతల జిరాఫీ, వెనక కాళ్ల మీద నిలబడి కొమ్మలు మేసే జెరెనుక్ జింక, బీసా ఒరిక్స్, సోమాలీ ఉష్ట్రపక్షి ఆ పట్టిక ప్రకారం లెక్కలోకే రావు.

పట్టిక యాత్ర తీరునే మార్చేస్తుంది. మూడు టిక్కులు పడ్డాక యాత్రికుడు డ్రైవరును మిగిలిన రెండింటి కోసం తొందరపెడతాడు. డ్రైవరు రేడియోలో వినబడ్డ చోటికి బండిని దౌడు తీయిస్తాడు. మారాలో నల్ల ఖడ్గమృగాలు కొన్ని పదులే ఉన్నాయి. వాటిలో ఒకటి కనిపించిందనే కబురు వస్తే ఆ దిక్కుకు బళ్లన్నీ తిరుగుతాయి. ఏనుగుల మంద గున్నకు నీళ్లు తాగడం నేర్పుతున్న చోటు దగ్గర ఐదు నిమిషాలు ఆగుదామంటే వినేవారుండరు, ఏనుగు టిక్కు నిన్ననే పడిపోయింది కనుక. అంబోసెలిలో సింథియా మోస్ 1972లో మొదలుపెట్టిన ఏనుగుల అధ్యయనం యాభై ఏళ్లకు పైగా సాగుతోంది. ఒకే జంతువును ఒక్క చోట తరాల తరబడి చూసినా ఇంకా తెలుసుకోవలసింది మిగిలే ఉంటుందని ఆ పని రుజువు చేస్తోంది. అలాంటి జంతువును ‘చూసేశాం’ అని కొట్టేయడం చూపు కాదు.

నల్లమలలోనూ తడోబాలోనూ కబినిలోనూ మనవాళ్లు చేస్తున్న తప్పు కూడా ఇదే. పులి కనిపించకపోతే అడవి ఖాళీ అంటారు. ఆ అలవాటునే విమానమెక్కించి ఆఫ్రికాకు తీసుకెళ్తే మనకు దక్కేది మరింత ఖరీదైన నిరాశ.

5. పార్కులు పెరిగితే సఫారీ తగ్గుతుంది

ఏడు రోజుల్లో నాలుగు పార్కులు అనే పథకాన్ని కాగితం మీద కాక గడియారం మీద పెట్టి చూడాలి. నైరోబీ నుంచి నరోక్ మీదుగా మారాకు ఐదారు గంటలు. మారా నుంచి నకురుకు మరో ఐదారు గంటలు. నకురు నుంచి అంబోసెలికి దాదాపు పగలంతా. అక్కణ్ణుంచి నైరోబీకి నాలుగు గంటలు. ఇరవై గంటలకు పైగా రహదారి మీదే గడిచిపోతుంది. అవి ఏ గంటలో కూడా గమనించండి. అడవి మేలుకుని ఉండేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దువాలేటప్పుడు. పొద్దున్నే గది ఖాళీ చేసి సాయంత్రానికి కొత్త చోట దిగేవాడు సరిగ్గా ఆ రెండు వేళలనూ పోగొట్టుకుంటున్నాడు. అతనికి మిగిలేది జంతువులు నీడన పడుకునే మధ్యాహ్నం.

ఒకే చోట మూడు నాలుగు రాత్రులు ఉంటే లెక్క తిరగబడుతుంది. మొదటి రోజు అన్నీ కొత్తే. రెండో రోజు ఏ సింహాల గుంపు ఏ వాగు దగ్గర ఉంటుందో తెలుస్తుంది. మూడో రోజు నిన్న చిరుత చెట్టెక్కించిన జింక కళేబరం దగ్గరికి మళ్లీ వెళ్లవచ్చు, ఆ చిరుత తిరిగి వస్తుందో లేదో కాచుకోవచ్చు. గైడుకు మీ ఆసక్తి తెలుస్తుంది. పక్షులంటే ఇష్టమా, పిల్లలు ఎంతసేపు కూర్చోగలరు అన్నది గ్రహించి ఆ ప్రకారం దారి మలుస్తాడు.

గైడు సంగతి మన ప్యాకేజీ చర్చల్లో అసలే రాదు. హోటల్ నక్షత్రాలు అడుగుతారు, బఫే అడుగుతారు, ఈత కొలను అడుగుతారు. కెన్యాలో సఫారీ గైడ్ల వృత్తి సంఘం పరీక్షలు పెట్టి కాంస్య, రజత, స్వర్ణ స్థాయిల గుర్తింపు ఇస్తుంది. మీ వెంట వచ్చే మనిషిది ఏ స్థాయి అని అడగండి. బండిలో ఎందరుంటారు, అందరికీ కిటికీ సీటు వస్తుందా అని అడగండి. బండి మీకే ప్రత్యేకమా, వేరేవాళ్లతో కలిపి నడుపుతారా అని అడగండి. పడక మెత్తదనం కంటే ఈ ప్రశ్నలే మీ యాత్ర బాగోగులు తేలుస్తాయి. శాకాహారం దొరకదన్న భయంతో హోటలుకే ప్రాధాన్యం ఇచ్చేవారికి ఒక మాట. నైరోబీలో వందేళ్లకు పైగా గుజరాతీ కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. చపాతీ, సంబూసా కెన్యాలో మామూలుగా తినేవే. ముందుగా చెబితే మామూలు క్యాంపులో కూడా పప్పు, కూర వండిపెడతారు.

6. ఈ రద్దీకి మూల్యం చెల్లిస్తున్నది జంతువులు

ఇంతవరకు చెప్పింది యాత్రికుడి నష్టం. అసలు నష్టం దానికంటే పెద్దది.

మసాయి మారాలో చీతా తల్లులపై జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. వాహనాల తాకిడి ఎక్కువున్న ప్రాంతాల్లో ఒక్కో ఈతకు సగటున 0.2 పిల్లలు మాత్రమే సొంతంగా బతికే వయసుకు చేరాయి. తాకిడి తక్కువున్న ప్రాంతాల్లో ఆ సగటు 2.3. పది రెట్లకు పైగా తేడా. చీతా పగటిపూట వేటాడుతుంది, మనం తిరిగే వేళల్లోనే. చుట్టూ బళ్లు మూగితే వేట చెడుతుంది. తల్లి ఆకలితో ఉంటే పిల్లలు బతకవు. ‘చీతాను చాలా దగ్గరగా చూశాం’ అని ఇంటికొచ్చి చెప్పుకునే ఘనతలో ఆ పిల్లల చావు కూడా కలిసి ఉండవచ్చు.

2025 జూలైలో ఉత్తర సెరెంగెటిలోని కోగటెండె దగ్గర యాత్రికులు బళ్లు దిగి నది ఒడ్డున గుమిగూడి మందల దారికి అడ్డుపడిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందరూ ఆ గుంపును తిట్టారు. గుంపును అక్కడికి చేర్చిన అభిప్రాయాన్ని తిట్టినవారు తక్కువ. ‘ఈ ఒక్క దృశ్యం చూడకపోతే లక్షలు దండగ’ అని చెప్పి పంపినప్పుడు, మంద నీళ్లలోకి దిగుతున్న నిమిషంలో ఆ మనిషి బండిలో కుదురుగా కూర్చుంటాడని ఎలా ఆశిస్తాం? క్రమశిక్షణ లేకపోవడం అతని తప్పు. ఆ ఆత్రం మాత్రం మనందరం కలిసి నూరిపోసిందే.

ఆ నేల ఎవరిదో కూడా గుర్తుంచుకోవాలి. మారా రిజర్వు చుట్టూ ఉన్న మైదానాలు మసాయి కుటుంబాల సొంత భూములు. ఆ కుటుంబాలు తమ కమతాలను కలిపి పర్యాటక సంస్థలకు కౌలుకిచ్చి కన్జర్వెన్సీలు ఏర్పాటు చేసుకున్నాయి. నబోయిషో, ఒలారే మోటోరోగి, మారా నార్త్ అలాంటివే. అక్కడ గుడారాల సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఒక జంతువు దగ్గర ఎన్ని బళ్లు ఆగవచ్చో నియమం ఉంటుంది. రిజర్వులో కుదరని రాత్రి సఫారీ, కాలినడక సఫారీ అక్కడ కుదురుతాయి. కౌలు డబ్బు నేరుగా భూమి యజమానికి చేరుతుంది. ఆ డబ్బు ఆగితే కంచెలు లేస్తాయి, గోధుమ పొలాలు వస్తాయి. 1977 నుంచి 2016 మధ్య కెన్యాలోని వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయిందని సర్వేలు తేల్చాయి. మారాకు ఈశాన్యాన ఉన్న లోయిటా మైదానాల నుంచి వచ్చే చిన్న వలస, కంచెల వల్లా సాగు వల్లా దాదాపు అంతరించింది. యాత్రికులందరూ మూడు నెలల్లోనే వచ్చి పడితే మిగతా తొమ్మిది నెలలు కౌలు ఎవరు కడతారు? జంతువులను కాపాడాలన్న మాట నిజమైతే మన రాక ఏడాదంతా పరుచుకోవాలి.

7. మన సెలవులకు తగిన చోట్లు వేరే ఉన్నాయి

‘ఇవన్నీ సరే, ఆగస్టు కాకపోతే ఏమీ కనిపించదు’ అన్నది చివరి వాదన. ఇందులో ఒక ముక్క నిజం. ఏప్రిల్, మే నెలలు మారాలో పెద్ద వానల కాలం. అక్కడిది చాలాచోట్ల నల్లరేగడి నేల. తడిస్తే ఏమవుతుందో గుంటూరు, ఆదిలాబాద్ రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. బళ్లు కూరుకుపోతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు. ఆ రెండు నెలలు మారా వద్దు అంటే ఒప్పుకుంటాను. మిగిలిన నెలలన్నిటినీ ఆ గాటనే కట్టడం మాత్రం అబద్ధం.

మన పిల్లలకు పొడవైన సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అప్పుడు తెరుచుకుని ఉండేది దక్షిణాఫ్రికా. అక్కడ అది చలికాలం మొదలయ్యే వేళ. క్రూగర్ జాతీయ పార్కు దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. మే నెల నుంచి ఆకులు రాలి పొదలు పలచబడతాయి, జంతువులు నీటి మడుగుల దగ్గరికి చేరతాయి, దోమలూ మలేరియా ముప్పూ తగ్గుతాయి. తారు రోడ్లున్నాయి. మనలాగే ఎడమవైపు నడిపే దేశం కనుక సొంతంగా కారు నడుపుకుంటూ తిరగవచ్చు. స్కుకుజా, లోవర్ సాబీ, సతారా లాంటి ప్రభుత్వ విడిదుల్లో వంటగది ఉన్న గదులు దొరుకుతాయి. చిన్నపిల్లలకు మలేరియా మందులు వద్దనుకునేవారికి ఆ జబ్బు లేని మడిక్వే, పిలానెస్‌బర్గ్ ఉన్నాయి.

సంక్రాంతి తరవాత సెలవు పెట్టగలిగినవారికి జనవరి చివర, ఫిబ్రవరిలో ఎన్‌డుటు ఉంది. దూడల కాలం అదే. పక్కనే ఎన్‌గొరోన్‌గొరో అగ్నిబిలం, 260 చదరపు కిలోమీటర్ల అడుగు నేల మీద ఖడ్గమృగాలతో సహా అడవి అంతా ఒక్కచోట. మారాయే కావాలంటే జూన్ మొదటి వారాలు చూడండి. వానలు వెనకపడతాయి, గేటు రుసుము ఇంకా సగమే, అక్కడే ఉండే సింహాలు, ఏనుగులు అలాగే ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి కూడా అంతే. దసరా సెలవుల్లో వెళ్తే మందలు ఇంకా ఉత్తరాన ఉండవచ్చు, ఆగస్టు రద్దీ మాత్రం కొంత తగ్గి ఉంటుంది.

8. ఏది ముందు, ఏది తరవాత

మొదటి సఫారీ వేసుకునేవారు నదిని చివర పెట్టి ఈ వరస పాటించాలి. ముందు మీ సెలవు ఏ నెలలోనో తేల్చుకోండి. ఆ నెలలో ఎక్కడ ఎండ కాస్తుందో, ఎక్కడ జంతువులు గుమిగూడతాయో చూసి దేశం ఎంచుకోండి. ఆ దేశంలో ఒకటి, మహా అయితే రెండు చోట్లు, ఒక్కోచోట కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. గైడు, బండి, ఆ తరవాతే గది.

కెన్యాకైతే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ఆఖరి నిమిషం దాకా ఆపకండి. టీకా పత్రం చెల్లుబాటయ్యేది వేసుకున్న పది రోజుల తరవాతే. అది లేకుండా అక్కణ్ణుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఆ టీకా వేస్తారు. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. మలేరియా మాత్రల గురించి డాక్టరును ముందే అడగాలి. చిన్న విమానంలో మారాకు వెళ్లేవారికి సాధారణంగా 15 కిలోల మెత్తటి సంచే అనుమతి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక బైనాక్యులర్ ఉండాలి. పెద్ద కెమెరా ఒకటి కొనే డబ్బుతో నాలుగు బైనాక్యులర్లు వస్తాయి, నలుగురూ చూస్తారు.

నా వైఖరిలో దాపరికం లేదు. నది దాటే మందలను చూడాలనుకోవడంలో తప్పులేదు. అడవిలో కూర్చోవడం నేర్చుకున్నాక, ఒక వారం పూర్తిగా ఆ ఒడ్డుకే కేటాయించగలిగినప్పుడు, రెండోసారో మూడోసారో వెళ్లండి. మొదటి యాత్రను మాత్రం ఆ ఒక్క దృశ్యానికి తాకట్టు పెట్టకండి. ఆగస్టు, బిగ్ ఫైవ్, నాలుగు పార్కులు అనే మూడు షరతులూ అమ్మేవారికి సులువు. కొనేవారికి నష్టం, జంతువులకు కీడు. ఏజెంటు ఆ ప్యాకేజీ మీ ముందు పెడితే రెండు పార్కులు కొట్టేయమనండి, మిగిలిన చోట రాత్రులు పెంచమనండి, కన్జర్వెన్సీలో బస అడగండి, తేదీలు రద్దీలేని నెలకు మార్చమనండి. కుదరదంటే ఏజెంటును మార్చండి. మన తెలుగు కుటుంబాలు వెయ్యి ఇలా గట్టిగా అడిగితే మరుసటి ఏడాదికి ప్యాకేజీలే మారతాయి.